శాలువా రంగు

ఆదివారం పొద్దున హెలెన్ చర్చికి తయారవుతుంటే వాకిట్లో నీళ్లు కనిపించాయి. వాన నీళ్లే అనుకుంది. కుచ్చిళ్లు సర్దుకునేలోపు అవి గడప దాటాయి. బుడమేరు వాగు పొంగిందని వీధిలో ఎవరో అరిచారు.

సింగ్ నగర్‌లో వాళ్లది కింది వాటా. తండ్రి శౌరయ్య పామర్రు దగ్గర హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. డెబ్బై ఆరేళ్లు, మోకాళ్లు పట్టేసిన మనిషి. హెలెన్ ఆయన మందులు సంచిలో కుక్కి, చెయ్యి పట్టుకుని మేడ మెట్లవైపు లాగింది.

"బొమ్మో?" అన్నాడాయన.

ఆ ఇంట్లో బొమ్మంటే ఒకటే. హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఆయనకి బొమ్మలు గీయడం నేర్పిన ఫ్రెంచి ఫాదర్ గారు, స్వదేశం వెళ్లిపోతూ ఇచ్చింది. ఏటి ఒడ్డున శాలువా కప్పుకున్న ఒక ముసలమ్మ బట్టలు పిండుతూ ఉంటుంది. నల్ల సిరా గీతలు, పైన పల్చగా నీటిరంగులు. మూలన 1893 అని ఉంటుంది. వేసిందెవరో ఆ ఫాదర్ గారికీ తెలీదు.

"సంచిలో పెట్టాను నాన్నా, పద."

పెట్టలేదు. అది గోడకి బాగా ఎత్తున ఉంది. నీళ్లేమో అప్పటికే మోకాళ్లు దాటాయి.

పైవాటా దుర్గాంబగారు వాళ్లకి ముందుగది ఇచ్చింది. కాసేపటికి శౌరయ్య సంచి తెరిచి చూశాడు. మందుబిళ్లలు తప్ప ఏమీ లేవు.

"అబద్ధం చెప్పావా?"

"చెప్పకపోతే కదిలేవాడివా?"

ఆయన లేచి మెట్లు దిగబోయాడు. హెలెన్, దుర్గాంబగారు చెరో రెక్కా పట్టుకుని ఆపారు. గింజుకున్నాడు. ఆయన బలమెంత! చివరికి మెట్టు మీదే కూలబడి, కింద సుడి తిరుగుతున్న మురికినీళ్లని చూస్తూ ఉండిపోయాడు.

నీళ్లు తీయడానికి వారం పట్టింది. చీలమండల లోతు బురదలో, మంచం కింద, పటం బోర్లా దొరికింది. హెలెన్ అద్దం ఊడదీసి కాగితాన్ని మెల్లగా విడదీసింది. సిరా గీతలు చాలావరకు నిలిచాయి. రంగు మాత్రం ఎక్కడా లేదు. అంతా బురద మరకే.

కాగితం ఆరాక ఆమె బెంజ్ సర్కిల్ వెళ్లి రంగులపెట్టె, కుంచెలు కొనుక్కొచ్చింది.

"నువ్వే వెయ్యి నాన్నా. యాభై ఏళ్లు చూశావు."

శౌరయ్య తెల్లకాగితం మీద ముసలమ్మని గీశాడు. గీత ఎక్కడా తప్పలేదు. కుంచె తడిపి ఆగాడు.

"శాలువా ఏ రంగే?"

"నీలం కదా."

"నీలమా? నేను ఇటుకరంగనుకుంటున్నా."

ఫోన్లో పాత ఫొటోలన్నీ వెతికారు. ఒక్క క్రిస్మస్ ఫొటోలో, అందరి తలల వెనక పటం ఉంది. అద్దం మీద ఫ్లాష్ వెలుగు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"రోజూ చూశాను," అన్నాడు శౌరయ్య. "చూస్తూనే ఉన్నాను." కుంచె కడిగి పక్కన పెట్టేశాడు. మళ్లీ ముట్టుకోలేదు.

నవంబరులో నిమోనియా వచ్చింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి కన్నుమూశాడు. ఆ పదకొండు రోజులూ హెలెనే పక్కన కూర్చుంది. కాఫీ అడిగాడు, దుప్పటి కప్పమన్నాడు, దుర్గాంబగారు ఎలా ఉందన్నాడు. కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకి ఇప్పటికీ అనిపిస్తుంది.