ఖైంజా కట్టిన కొండ

బునాబిరి కొండవాలు విరిగిపడి ఊరంతా మట్టి కింద మూసుకుపోయిన కొన్నేళ్ళకు, ఖైంజా ఆ ఊరిని మళ్ళీ కట్టింది. కట్టింది కంప్యూటర్లో. రాజధాని కంపాలాలో ఓ టైర్ల కొట్టు పైన రెండు గదుల బొమ్మల స్టూడియో ఉంది. అందులో ఆమె పని, కదిలే బొమ్మల సినిమాలకు కొండలు, అడవులు, వాగులు, ఆకాశాలు తయారుచేయడం. మనుషుల్నీ జంతువుల్నీ గీసేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు గీసినవి నిలబడడానికి నేల ఇచ్చేది ఆమె.

స్టూడియో పెట్టినవాడు కివూవా. చదువుకునే రోజుల్లో ఆమెకు రెండేళ్ళు ముందున్నవాడు, మంచి మాటకారి. కాఫీతోటలో పుట్టిన మేకపిల్ల కథతో పిల్లల సినిమా తీద్దామన్న ఆలోచన అతనికి పట్టుకుంది.

"మీ ఎల్గాన్ కొండల్లాంటి చోటు కావాలి ఖైంజా. పొగమంచు, అరటితోటలు, జారుడు బాటలు, అన్నీ ఉండాలి" అన్నాడు.

"లాంటి చోటు దేనికి? ఆ చోటే కడతాను" అంది ఆమె.

వెతగ్గా వెతగ్గా ఆ కొండల ఎత్తుపల్లాల లెక్కలు దొరికాయి. ఏదో ఉపగ్రహం, వాలు విరగడానికి చాలా ముందే కొలిచిపెట్టినవి. వాటిని సాఫ్ట్‌వేర్‌లో పోయగానే బూడిదరంగు దుప్పటి కింద ఎవరో మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నట్టు కొండ పైకి లేచింది. చెక్కుచెదరని కొండ. ఖైంజా చాలాసేపు మౌస్ ముట్టుకోలేకపోయింది.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట ఉంది. నొక్కితే వేల ఏళ్ళ వానలు నిమిషాల్లో కురిసి, నేల కోసుకుపోయి, వాగులూ లోయలూ వాటంతటవే ఏర్పడతాయి. కొండ సహజంగా కనిపించాలంటే అందరూ మొదట చేసే పని అదే. ఆ మీట ఆమె నొక్కలేదు. ప్రతి వాగునూ చేత్తోనే తవ్వింది. చెట్లను కూడా విత్తనాలు చల్లినట్టు ఒక్కసారిగా చల్లేయొచ్చు. అడవికి అలాగే చేసింది. ఇళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్కో అరటిచెట్టునూ దాని చోట దాన్ని నాటింది.

గుర్తులేనివి తల్లిని అడిగేది. తల్లి ముటోన్యి ఇప్పుడు ఉండేది చాలా దూరాన, చదునునేలలో. ఊరు పోయాక మిగిలినవాళ్ళకు అక్కడ ఒకేలాంటి ఇళ్ళు వరసగా కట్టి ఇచ్చారు. కనుచూపు మేరలో గుట్టన్నది లేదు.

"అమ్మా, మన అవకాడో చెట్టు ఇంటికి కుడివైపా, ఎడమవైపా?"

"చెట్టుకు కుడీ ఎడమా ఏముంటాయే? పొయ్యి దగ్గర కూర్చుంటే కనపడేది."

"పొయ్యి దగ్గర ఎటు తిరిగి కూర్చునేదానివి?"

"మీ నాన్న వచ్చే దారి వైపు. ఇంకెటు కూర్చుంటాను?"

అలా ఒక్కొక్కటీ చోటుకు చేరింది. పూర్తయ్యాక ల్యాప్‌టాప్ తీసుకుని కాలనీకి వెళ్ళింది. ముటోన్యి వెదురు మొలకల మలెవా కూర దింపి, చేతులు తుడుచుకుని వచ్చి తెర ముందు కూర్చుంది. పొగమంచు కదిలి, దాని వెనక నుంచి కాఫీతోట, తోట మీద ఎండ, ఆ పైన రేకుల ఇల్లు కనపడ్డాయి. ముసలామె ఏడుస్తుందనుకుంది ఖైంజా. ఏడవలేదు. వేలు తెర మీద ఆనించి బాట వెంట మెల్లిగా పైకి నడిపించింది.

"వంటింట్లోంచి పొగ రావడం లేదేం?" అంది చివరికి.

ఖైంజా అక్కడికక్కడే పొగ పెట్టింది.

తరవాత ఎప్పుడు వచ్చినా ముటోన్యి అడిగే మొదటి మాట, "పద, ఊరికి తీసుకెళ్ళు." ఇద్దరూ మంచం మీద కూర్చుని, తెర మీద వాగు దాటి, బడి పక్కగా వెళ్ళి, ఇంటిదాకా నడిచేవాళ్ళు. గుమ్మం దగ్గర ఆగిపోయేవాళ్ళు. లోపలికి దారి ఖైంజా కట్టలేదు. వాలు విరిగిన రోజు లోపల తండ్రీ, చెల్లెలు నెయుంబే ఉన్నారు. ఖైంజా కాలేజీలో ఉంది. ముటోన్యి ఉల్లిగడ్డలు అమ్మడానికి ఎంబాలే సంతకు దిగింది.

మేకపిల్ల సినిమా మాత్రం రాలేదు. డబ్బు పెడతామన్నవాళ్ళు ముఖం చాటేశారు. గీసేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. స్టూడియో ఎలాగోలా ఈడ్చుకొస్తోంది. ఎలాగో ఖైంజా అడగలేదు.

ఓ రోజు ఆమె పిన్ని కొడుకు వోనియాలా ఫోన్ చేశాడు. కాలనీలో వాడికి రేకుల షెడ్డు ఒకటుంది. టీవీలు పెట్టి ఫుట్‌బాల్ చూపిస్తాడు, ఆటలు ఆడిస్తాడు.

"అక్కా, మన ఊరు ఆటలో వచ్చింది. చెప్పనేలేదు నువ్వు" అన్నాడు గర్వంగా.

"ఏ ఆట?"

"కాల్చుకునేదే. కొత్తగా దిగింది. నువ్వు చేసిందేగా, నాకు తెలీదా? వచ్చి చూడు."

వెళ్ళింది. షెడ్డులో చెమట, వేయించిన వేరుశనగల వాసన. తెర మీద ఆమె పొగమంచు, ఆమె కాఫీతోట. తోటలో తుపాకులు పట్టుకుని సైనికులు వంగి వంగి పరుగెత్తుతున్నారు. బడి గోడలకు తూట్లు పడుతున్నాయి.

"ఇదిగో, పెద్దమ్మ వంటిల్లు. లోపలికి దారి కూడా ఉంది, ఇందులో దూరామంటే ఎవడికీ దొరకం" అన్నాడు వోనియాలా బొటనవేళ్ళు ఆడిస్తూ. "అవకాడో చెట్టెక్కితే కింద బాట మొత్తం మనదే. ఇక్కడ అందరూ అట్లాగే అంటారు. 'ముటోన్యి వంటింట్లో ఉన్నా, వెనక నుంచి రా' అని."

వాడు మాట్లాడుతుండగానే ఎవరో బాంబు విసిరారు. రేకులు లేచిపోయాయి. ఇల్లు అంటుకుంది.

"పోయాం" అని నవ్వి, వోనియాలా అక్క ముఖం చూశాడు. నవ్వు ఆపేసి చేతిలోని కంట్రోలర్ కింద పెట్టాడు.

మర్నాడు ఆమె స్టూడియోకు వెళ్ళేసరికి కివూవా గుడ్డు చుట్టిన చపాతీ తింటున్నాడు. ఆమె అడగక ముందే అర్థం చేసుకున్నాడు.

"అవును, అమ్మాను. ఆ ఆట కంపెనీ వాళ్ళు కొండలు వెతుకుతున్నారు, మన దగ్గర కొండ ఉంది. ఇన్నాళ్ళూ ఈ కరెంటు ఎక్కడిదనుకున్నావ్?"

"నన్నొక మాట అడగాల్సింది."

"అడిగితే వద్దనేదానివి. తెలిసి తెలిసి ఎవడు అడుగుతాడు? పైగా సీన్ స్టూడియోది. చేరినప్పుడే ఒప్పుకున్నావ్."

"అది సీన్ కాదు కివూవా."

"మరేంటి?" చపాతీ కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు. "మీవాళ్ళు అక్కడ పోయారని నాకు తెలుసు. నేనేం రాయిని కాను. కానీ తెర మీద కొండే ఉంది. నీ బాధ అందులో ఎక్కడా లేదు. ఎవరు కొన్నా కొండనే కొంటారు."

అతను చెప్పింది అబద్ధమైతే బాగుండేది.

చివరికి అతనే, తప్పు చేశానన్న భావం ఎంతో కొంత ఉండబట్టే కాబోలు, ఆ కంపెనీ వాళ్ళతో వీడియోలో మాట్లాడించాడు. ఎక్కడో మంచు కురిసే దేశం. అవతల ఒక ఆడమనిషి, ఒక కుర్రాడు. ఇద్దరూ మర్యాదస్తులు. ఖైంజా పేరును సరిగ్గా పలకడం నేర్చుకుని మరీ వచ్చారు.

ఆమె అంతా చెప్పింది. ఎవరితోనూ అంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు. వాన తెరిపి ఇవ్వకుండా కురవడం, కాఫీతోట పైన నేల మీద బీట కనపడితే పిల్లలు దాంట్లో కర్రలు దూర్చి ఆడుకోవడం, వాగు నీళ్ళు ఉన్నట్టుండి బురదరంగుకు తిరగడం, లారీ గేరు మార్చినట్టు మోత రావడం, ముందు బడి, తరవాత దిగువ ఇళ్ళు, ఆ తరవాత తమ ఇల్లు. పక్క కొండ మీద నుంచి విన్నవాళ్ళు, దూరం నుంచి చూసినవాళ్ళు చెప్పగా తాను పోగుచేసుకున్నదంతా వాళ్ళ ముందు పోసింది. అవతలి ఆడమనిషి కళ్ళు తుడుచుకుంది. కుర్రాడు ఏదో రాసుకుంటున్నాడు.

"ఆ మోత ఎంతసేపు వచ్చింది?" అని అడిగాడు మెల్లిగా.

ఆమె చెప్పింది.

"మీరు చెప్పింది మాకెంతో విలువైనది. తప్పకుండా ఏదో ఒకటి చేస్తాం" అంది ఆడమనిషి.

తీసేస్తారనుకుంది ఖైంజా. కనీసం ఇళ్ళయినా తీసేస్తారనుకుంది. ఆ రోజు స్టూడియో నుంచి నడిచి వస్తూ దారిలో పనసతొనలు కొనుక్కుని తింది. చాలా రోజుల తరవాత ఆకలేసింది.

వర్షాకాలం మొదలయ్యాక వోనియాలా మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో గర్వం లేదు. "అక్కా, నువ్వొకసారి రావాలి. ఆట మార్చారు. పెద్దమ్మ ఇక్కడే కూర్చుంది, లేవమంటే లేవడం లేదు."

ఆమె వెళ్ళేసరికి షెడ్డు నిండిపోయి ఉంది. ఆడే కుర్రాళ్ళు గోడ వెంట నిలబడ్డారు. బెంచీల మీద బునాబిరి పెద్దవాళ్ళు. ముందు బెంచీలో ముటోన్యి, ఒళ్ళో ఖాళీ బుట్ట.

తెర మీద వాన కురుస్తోంది. పై గట్టు మీద ఫిరంగిగుండు పడింది. కాఫీతోట పైన నేల బీటలు వారింది. వాగు బురదరంగుకు తిరిగింది. లారీ గేరు మార్చినట్టు మోత. తోట తోటలాగే నిలబడి కిందికి నడవడం మొదలుపెట్టింది. ముందు బడి, తరవాత దిగువ ఇళ్ళు. అవకాడో చెట్టు పక్కకు వాలింది. ఆ తరవాత అంతా మట్టే. మట్టి మీద ఆటలో గెలిచినవాళ్ళ పేర్లు పడ్డాయి.

వెనక బెంచీలో ఓ ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"అటు నుంచి కాదు విరిగింది. ఇంకా పై నుంచి. నేను ఎదుటి కొండ మీద ఉన్నాను."

"నీ కళ్ళకు అప్పటికే పొర. నీకేం కనపడింది?" అంది ఇంకొకావిడ. "సరిగ్గానే చూపించారు. బడే ముందు పోయింది."

ఇద్దరూ వాదించుకోసాగారు. ఇంకొందరు కలిశారు. ముటోన్యి వెనక్కి తిరగలేదు.

"ఇంకోసారి వెయ్యరా" అంది వోనియాలాతో.

వాడు ఖైంజా వైపు చూశాడు. ఆమె అడ్డంగా తల ఊపింది.

"దాని వైపు చూస్తావేం? నేను అడుగుతున్నాను" అంది తల్లి.

వాడు వేశాడు. ఖైంజా బయటికి వచ్చేసింది. మోత రేకుల్లోంచి వినిపిస్తూనే ఉంది. ఒకసారి ఆగింది, మళ్ళీ మొదలైంది. చాలాసేపటికి తల్లి వచ్చింది.

"అమ్మా, అదంతా వాళ్ళు ఆట కోసం చేసుకున్నది. నిజం కాదు."

"నువ్వు కట్టిందీ నిజం కాదు కదే. చూడమన్నావు, చూశాను."

"నేను కట్టినదాంట్లో ఎవరూ చావలేదు."

"అందులో ఎవరూ లేరు కూడా." ముటోన్యి బుట్ట నెత్తికెత్తుకుంది. "మీ నాన్నా, చిన్నదీ ఎలా పోయారో ఇన్నేళ్ళూ రోజుకో రకంగా అనుకున్నాను. గంటల తరబడి మట్టి కింద ఊపిరాడక కొట్టుకున్నారనుకున్నాను. ఇవాళ చూశాను. చాలా తొందరగా అయిపోయింది. నీకు ముందే తెలుసు గదా ఇదంతా. నువ్వు చెప్పకపోతే ఆ పరాయివాళ్ళకు ఎలా తెలుస్తుంది? వాళ్ళకు చెప్పావు, నాకెందుకు చెప్పలేదు?"

తల్లి బాధపడుతుందనే ఖైంజా చెప్పలేదు. ఆ మాట ఇప్పుడు పైకి అనడానికి నోరు రాలేదు.

ఆ రాత్రి తల్లి పచ్చి అరటికాయలతో మటోకె వండి పెట్టింది, మామూలుగానే మాట్లాడింది. ల్యాప్‌టాప్ మంచం పక్కనే సంచిలో ఉంది. దాని సంగతి ఎత్తలేదు.

కంపాలా చేరాక కివూవా కొత్త కబురు చెప్పాడు. కంపెనీ వాళ్ళు చాలా సంతోషంగా ఉన్నారు. ఇంకో రెండు చోట్లు కావాలట, చేసేది ఖైంజాయే కావాలట. ఇలాంటి ఊళ్ళు మీకింకా తెలిస్తే చెప్పండి అని అడిగారట. ఇలాంటి అంటే ఎలాంటి అని ఆమె అడగలేదు. సామాను సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఇళ్ళు కట్టి అమ్మేవాళ్ళ దగ్గర పనిచేస్తోంది. ఇంకా పునాది పడని ఇళ్ళకు ముందుగా బొమ్మలు చేసిపెట్టాలి. చదునైన నేల, చదునైన పచ్చిక, నీలం ఆకాశం. పని తొందరగా అయిపోతుంది, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. ముటోన్యి మాత్రం వాన పడని సాయంత్రాల్లో వోనియాలా షెడ్డుకు వెళ్తూనే ఉంది. వాడు డబ్బులు తీసుకోడు. ముందు బెంచీలో చోటు ఉంచుతాడు.