రెండో కృష్ణుడి గొంతు

సభ సాయంత్రం ఆరింటికి. దేవేంద్రప్ప పొద్దున పదింటికే కడపలో బస్సు దిగి, వేణుగోపాల్ బట్టల కొట్టు వెతుక్కుంటూ వచ్చాడు.

యాభై దాటిన మనిషి. పంచె, భుజాన తువ్వాలు, చేతిలో మడతలు పడిన కరపత్రం. దాన్ని గల్లాపెట్టె మీద పరిచాడు. అందులో కృష్ణుడి వేషంలో వేణుగోపాల్ తాత ఫొటో ఉంది. కింద పెద్ద అక్షరాల్లో, "రంగస్థల కృష్ణుడు పెద్దసుబ్బయ్య శతజయంతి. 2007 ఆగస్టు 12. ఆయన పద్యాల సీడీ ఆవిష్కరణ."

"ఇది నీ పనేనా శెట్టీ?"

"నాదే. రాండి, కూర్చోండి. ఏ ఊరు మీది?"

"ఆలూరు పక్క పల్లె. నిన్న పని మీద డోన్‌కు పోతే మీ సభ ప్రచారం ఆటో తిరుగుతాండె, మీ తాత నాటకాలాడిన ఊర్లన్నీ తిప్పుతాండారంట. మైకులో పద్యం పెట్టినారు."

"బాగుండాదా?"

"బాగుండక యాడికి పోతాది? అది మా నాయన గొంతు."

వేణుగోపాల్ నవ్వాడు. "ఏమప్పా, పొద్దున్నే ఎగతాళా?"

"ఎగతాళికి రెండొందల కిలోమీటర్లు వస్తానా? మా నాయన పేరు తిమ్మన్న. మీ తాత నాటకంలో రెండో కృష్ణుడు."

వేణుగోపాల్ నవ్వు సగంలో ఆగింది. తిమ్మన్న పేరు అతను విన్నదే.

తెల్లవార్లూ ఆడే పౌరాణిక నాటకానికి ఒక్క గొంతు చాలదు. అందుకే ఒకే నాటకంలో ముగ్గురు కృష్ణులుంటారు. ఎవరి సీన్లు వాళ్లవి. ఒకటో కృష్ణుడు పడక సీను ముగించుకుని లోపలికి పోతే, రాయబారం సీనుకు రెండో కృష్ణుడు వస్తాడు. జనానికి అందులో వింతేమీ లేదు. పోస్టరు మీద మాత్రం ఒకటో కృష్ణుడి బొమ్మే పడుతుంది.

"మీరు ఆటోలో తిప్పినది రాయబారం పద్యం. మీ తాత ఏనాడన్నా రాయబారం ఎత్తుకున్నాడా? ఎవర్నన్నా అడుగు," అన్నాడు దేవేంద్రప్ప.

"టేపు డబ్బా మీద మా తాత చేత్తో రాసిన అక్షరాలుండాయి. 'కృష్ణుడు, డోన్, 1966 శివరాత్రి' అని."

"కృష్ణుడు అని రాసినాడు గానీ నేను అని రాయలేదు కదా?"

వేణుగోపాల్ కరపత్రంలోని ఫొటో వైపు చూశాడు. వాళ్లింట్లో కృష్ణుడంటే తాతే. నెల కిందట పాత ట్రంకులో ఆ టేపు స్పూలు దొరికినప్పుడు ఇంకో కృష్ణుడు ఎవరికీ గుర్తు రాలేదు.

"మీరు పొరబడుంటారు. నలభై ఏండ్ల నాటి టేపు..."

మాట పూర్తి కాకముందే దేవేంద్రప్ప ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని, కొట్లో నిలబడే ఆ పద్యం ఎత్తుకున్నాడు. చీరలు బేరం చేస్తున్న ఆడవాళ్లు తిరిగి చూశారు. రెండో పాదం చివర సాగదీసే చోట, నెల రోజులుగా వేణుగోపాల్ వింటున్న విరుపే వచ్చింది. రవ్వంత తేడా లేదు.

దేవేంద్రప్ప తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "నాకు దుడ్లు వద్దు, శాలువా వద్దు. ఇది తిమ్మన్న గొంతు అని మైకులో చెప్పు, చాలు. చెప్పకుంటే నేనే లేచి చెప్తా. బయటికి తోస్తే బయట నిలబడి పాడతా. ఇప్పుడు విన్నావు కదా."

"మూడింటికి రాండి. అంతలోపల నేను కనుక్కుంటా," అన్నాడు వేణుగోపాల్.

దేవేంద్రప్ప టిఫినుకు వెళ్లాడు. వేణుగోపాల్ కొట్టు పనివాళ్లకు అప్పగించి స్కూటర్ తీశాడు. అతని భయం ముఖ్య అతిథి గురించి కాదు, అచ్చేసిన ఐదు వందల సీడీల గురించీ కాదు. మేనత్త కృష్ణవేణమ్మ నిన్ననే రాయచోటి నుంచి వచ్చింది. పెద్దసుబ్బయ్య పిల్లల్లో ఆమె ఒక్కతే మిగిలింది. డెబ్బై అయిదేళ్లు. సీడీ ముందే వినిపిస్తానంటే వద్దంది. "నాయన గొంతు సభలోనే వింటా, అందరితో పాటు," అంది. ఆ గొంతు తాతది కాకపోతే, తాతది ఇంకో ముక్క కూడా లోకంలో లేదు.

గోపన్నది మైకుసెట్ల దుకాణం. స్పూలు తిప్పే పాత మిషను ఊళ్లో అతని దగ్గరే ఉంది. సీడీ చేసింది అతనే.

"గోపన్నా, స్పూలు మొత్తం మాకిచ్చినావా, ఏమన్నా తీసేసినావా?"

గోపన్న గర్వంగా చెప్పాడు. "తీయకుంటే వినగలరా? ముందు అంతా గలాటా. ఎవడో అరుస్తాండాడు, చెంబులు దొర్లుతాండాయి. చివర్లో కూడా ఏందో గొణుగుడు. అంతా కోసి పారేసి పద్యాలు నీట్‌గా పెట్టినా."

"కోయకముందుది కంప్యూటర్లో ఉండాదా?"

"దాన్నేం చేసుకోను? తుడిచేసినా. స్పూలు మాత్రం ఈడే ఉండాది."

"పెట్టు."

మిషను తిరగలేదు. లోపలి రబ్బరు బెల్టు తెగిపోయింది. గోపన్న మూడు పాత టేపురికార్డర్లు విప్పి చూశాడు. ఏ బెల్టూ సరిపోలేదు. చివరికి పక్క సైకిలు షాపు నుంచి పాత ట్యూబు తెచ్చి, కత్తెరతో సన్నటి రింగు కోసి తగిలించాడు. అప్పటికి ఒంటిగంటన్నర. స్పూలు మెల్లగా కదిలింది.

మొదట జనం రొద. తర్వాత మైకుకు బాగా దగ్గరగా ఒక మగగొంతు, చిరాగ్గా.

"గొమ్మునుండండప్పా! తిమ్మన్న ఎత్తుకుంటాండాడు. బీడీలు ఆర్పండి, మీ దగ్గులన్నీ దీంట్లో పడతాండాయి. ఎవుడ్రా ఆ చెంబు తన్నింది? మీ ఇంట్లో కూడా ఇట్లే తంతావా? ఊఁ, తిమ్మా, కానీ."

హార్మోనియం మొదలైంది. పద్యం లేచింది.

ఇద్దరూ కదలకుండా విన్నారు. స్పూలు అయిపోయే ముందు జనం ఈలల మధ్య ఆ చిరాకు గొంతే మళ్లీ వినిపించింది. "చూడండప్పా, ఇట్ల పాడాల. నాకు రాదు."

వేణుగోపాల్ తల పట్టుకున్నాడు. దేవేంద్రప్ప చెప్పింది అక్షరాలా నిజం. టేపులో తిమ్మన్న పేరు రెండుసార్లు పలికింది.

గోపన్న తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "శెట్టీ, ఇది విన్నది మనమిద్దరమే. నలభై ఏండ్ల టేపు, ఇప్పుడే తెగిపోయిందనుకో. తెగే వయసే దానికి. ఆయప్ప సభలో లేచినా సాక్ష్యమేముంది? గొంతులు కలుస్తాయి అంటాం."

వేణుగోపాల్ వెంటనే వద్దనలేదు. స్పూలు అంచు మీద వేలు పెట్టాడు. గోరుతో లాగితే తెగుతుంది. మేనత్త ఈ సాయంత్రం తండ్రి గొంతు విన్నాననుకుని తృప్తిగా రాయచోటి వెళ్తుంది. అబద్ధమని ఆమెకు ఎప్పటికీ తెలియదు.

"దీన్ని ఉన్నదున్నట్టు ఒక క్యాసెట్లో ఎక్కించు," అన్నాడు చివరికి. "స్పూలు ముట్టుకోవద్దు. అత్తను అడిగి చెప్తా."

ఇంట్లో కృష్ణవేణమ్మ సభకు కట్టుకోవాల్సిన చీర మంచం మీద పరుచుకుని కూర్చుంది. వేణుగోపాల్ ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. దాచకుండా మొత్తం చెప్పాడు. దేవేంద్రప్ప సంగతి, గోపన్న ఇచ్చిన సలహా, అన్నీ.

"పద్యం తాతది కాదత్తా. నువ్వు ఊఁ అంటే ఈ పూటకు గొమ్మునుంటా. రేపు ఆయప్పతో నేను మాట్లాడుకుంటా."

"నాయన పద్యం ఎట్లుంటాదో నాకేం తెలుసురా? ఆడపిల్లల్ని నాటకానికి పోనిచ్చినారా? ఇంట్లో పద్యం ఎత్తితే మా అమ్మ గిన్నెలు ఎత్తేసేది. కొట్టు మిద్దె మీద సాధకం చేసుకునేటోడు. మీరు ఎవరి పాట వినిపించినా నాయనదే అనుకుందును." ఆమె బల్ల మీది టేపురికార్డరు వైపు చెయ్యి చూపింది. "ఏదీ, ఆ పెట్టె ఇట్ల పెట్టు. ఎవరిదో వింటా."

వేణుగోపాల్ క్యాసెట్ వేశాడు. రొద వచ్చింది. "గొమ్మునుండండప్పా..."

కృష్ణవేణమ్మ చెయ్యి చీర మీదే ఉండిపోయింది. చెంబు మాట వచ్చేసరికి ఆమె నోరు తెరుచుకుంది. పద్యం మొదలవగానే, "ఆపు. వెనక్కి తిప్పు," అంది.

మళ్లీ విన్నది. మూడోసారి కూడా.

"ఒరే వేణూ, అది నాయన."

"ఎవరు?"

"ఆ తిట్టేది. నేను ఏమన్నా కింద పడేస్తే ఇదే మాట. 'మీ అత్తగారింట్లో కూడా ఇట్లే పడేస్తావా' అని. పెండ్లి కాకముందే అత్తగారు!" ఆమె నవ్వుతూనే కళ్లొత్తుకుంది. "ఈ పాట పట్టిన టేపుపెట్టె నాయనదే. మద్రాసు నుంచి తెప్పించుకున్నాడు. దాన్ని ఇంకొకర్ని ముట్టనిచ్చేటోడు కాదు."

వేణుగోపాల్‌కు అప్పుడు అర్థమైంది. ఒకటో కృష్ణుడు తన సీన్లు ముగించుకుని, కిరీటం తీసి, తెర పక్కన మైకు పట్టుకుని కూర్చున్నాడు. తన గొంతు కాదు, తిమ్మన్న గొంతు దాచుకున్నాడు. గోపన్న చెత్త అని కోసి పారేసిన ముక్కల్లోనే తాత ఉన్నాడు.

క్యాసెట్ చివరికి వచ్చింది. "ఇట్ల పాడాల. నాకు రాదు."

"అత్తా, ముందు ముక్క వినిపిద్దాం. ఈ చివరిది మాత్రం..." అన్నాడు వేణుగోపాల్. "శతజయంతి రోజు, అంతమందిలో, తాత తనకు రాదు అంటే ఎట్ల? ఊరు నవ్వుతాది."

"నవ్వనీలే. ఆయన నోటితో చెప్పుకున్న మాట, కోసేదానికి నువ్వెవరు, నేనెవరు? ఆ మనిషి యాడున్నాడు?"

"కొట్టు కాడికి మూడింటికి రమ్మన్నా."

"ఇంటికి పిలుచుకొని రా. కాఫీ తాగి మనతోనే వస్తాడు."

ఆరున్నరకు సభ మొదలైంది. ముఖ్య అతిథి సీడీ డబ్బా రిబ్బను విప్పబోతుంటే వేణుగోపాల్ వారించి మైకు అందుకున్నాడు. ఉపన్యాసం రాసుకున్న కాగితం జేబులోంచి తీయలేదు.

"ఈ సీడీలు ఈరోజు ఇవ్వడం లేదు. వీటి మీద పేరు తప్పు పడింది. తప్పు నాది. ఇందులో పాడింది ఆలూరు పక్క పల్లె తిమ్మన్నగారు, మా తాత నాటకంలో రెండో కృష్ణుడు. వాళ్లబ్బాయి దేవేంద్రప్పగారు ఇక్కడే ఉన్నారు. మా తాత గొంతు కూడా ఇందులో ఉంది. అది ఏదో మీకే తెలుస్తుంది. వినండి."

గోపన్న క్యాసెట్ నొక్కాడు. చెంబు దగ్గర హాలంతా గొల్లుమంది. ముందు వరుసలో తలపాగా ముసలాయన ఒకడు, "సుబ్బయ్య శెట్టి! శెట్టే!" అని లేచి నిలబడ్డాడు. పద్యం వస్తున్నంతసేపూ ఎవరూ దగ్గలేదు. చివర్లో ఆ మాట వచ్చింది. ఎవరూ నవ్వలేదు. చప్పట్లు మాత్రం ఆలస్యంగా మొదలై చాలాసేపు సాగాయి.

దేవేంద్రప్పను వేదిక మీదికి పిలిచారు. ఆ పద్యం పాడమని జనం కేకలేశారు. అతను మైకు ముందు నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు నేను పాడను. నాయన పాడినాక నేనెందుకు?" అని దిగి వచ్చేశాడు.

కృష్ణవేణమ్మ తన పక్క కుర్చీ చూపించింది. అతను కొంచెం ఎడంగా కూర్చున్నాడు.

"మీ నాయన ఇంటికొచ్చి మా నాయన గురించి ఏమనేటోడప్పా?"

దేవేంద్రప్ప తటపటాయించాడు. "చెప్పమంటావా అమ్మా?"

"చెప్పు."

"శానా నోటి దురుసు మనిషి అనేటోడు. కానీ ఆయన తెర పక్కన కూర్చోకుంటే తనకు పద్యం లేచేది కాదనేటోడు."

కృష్ణవేణమ్మ తల ఊపింది. "ఇంకా చెప్పు," అని కుర్చీ అతని వైపు జరుపుకుంది.