పది వేళ్ల గడువు

"ఎడమ జేబు పైన ముడత లేకుండా చూడు. పతకం గుచ్చేది అక్కడే," అన్నాడు హెడ్మాస్టరు, గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే.

ఆమె ఇస్త్రీపెట్టెను కాస్త గట్టిగానే అదిమింది. హెడ్మాస్టరు ఆమెకు బళ్లో పైఅధికారి, ఇంట్లో మొగుడు. రెండు చోట్లా ఒకటే గొంతు.

పతకం నక్షత్రాల పద్ధతికి. తొమ్మిదేళ్ల కిందట తను పాఠం చెప్పే మూడో తరగతి పిల్లలు జుట్టూ జుట్టూ పట్టుకుని కొట్టుకునే రోజుల్లో, బెత్తం అటక మీద పడేసి, రంగు కాగితం నక్షత్రాలు కత్తిరించడం మొదలుపెట్టింది ఆమె. తగువు తీర్చినవాడికి ఒకటి, వెనకబడ్డవాడికి లెక్క నేర్పిన పిల్లకు ఒకటి. అంట్లు తోమి, అందరి పక్కలూ సర్దాక కత్తెర పట్టేది. "ఇల్లంతా చెత్త చేస్తోంది నీ పెళ్లాం. పిల్లలకు లంచాలేంట్రా?" అనేది అత్తగారు. "పోనీలేమ్మా, దాని పిచ్చి దానిది," అనేవాడు ఆయన. ఆ పిచ్చి మిగతా తరగతులకూ పాకి, బడి పేరు బయటికి పొక్కాక, పతకం కోసం పంపిన దరఖాస్తులో ఆ పద్ధతి కనిపెట్టింది ఎవరన్నచోట ఆయన పేరు దిగింది. అడిగితే, "మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏమిటే?" అని నవ్వాడు. అత్తగారు అందుకుంది: "వాడికొస్తే నీకొచ్చినట్టు కాదూ?" మరి వాడు తింటే నా కడుపు నిండిందా ఇన్నాళ్లూ, అనుకుంది. ఆ ఇంట్లో ఆమె అన్న మాటల కన్నా మింగినవే ఎక్కువ. ఒక్కటీ అరగలేదు.

"ఉపన్యాసం రాశావా?"

"రాశాను. ఒకసారి చదివి చూసుకోండి."

"నువ్వు రాసిందాంట్లో చూసేదేముంది?" కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెళ్లయినప్పటి నుంచీ అంతే. ఆమె రాస్తుంది, ఆయన మైకు ముందే మొదటిసారి చదువుతాడు. మాట తడబడితే ఆమె ముందు వరుసలోంచి పెదవులతో అందిస్తుంది.

సభలో విద్యాధికారి పతకం గుచ్చాడు. ముడత లేని చోట ముచ్చటగా కూర్చుంది. ఆయన గొంతు సవరించుకుని చదివాడు: "మా పద్ధతికి ప్రాణం ఒక్కటే నియమం. ఇంకొకరి పనికి నక్షత్రం పెట్టుకున్నవాడు అందరి ముందూ తన చేత్తోనే తీసి, చేసినవాళ్లకు పెట్టాలి. అప్పుడు మేమేం అడుగుతామో మూడో తరగతి పిల్లలే చెప్తారు. ఏం పిల్లలూ?"

అక్కడితో కాగితం అయిపోయింది.

తరగతి మొత్తం లేచి, వారం వారం అలవాటైన గొంతుతో అరిచింది: "ఎవరు చేశారు?"

అధికారి పకపకా నవ్వాడు. "భలే! మరి ఈ పద్ధతి ఎవరు చేశారు, మాస్టారూ?"

"మా టీచరమ్మే కదండీ!" అంది రెండు జడల పిల్ల, ఆగలేక.

సభ ఘొల్లుమని నవ్వింది. ఆయన చూపు ముందు వరుసకు పరుగెత్తింది. ఆమె పెదవులు కదల్లేదు. రెండు చేతులూ ఎత్తి పట్టుకుంది. తనది కాని నక్షత్రం తీయడానికి ఆమె తరగతిలో పది వేళ్లు మడిచేంత గడువు. బొటనవేలు మడవగానే పిల్లలు అందుకున్నారు: "ఒకటీ... రెండూ..."

అత్తగారు మోచేత్తో పొడిచింది. "ఒసేయ్, మొగుడి పరువే!"

"ఆయనకొస్తే నాకొచ్చినట్టన్నారుగా అత్తయ్యా. నాకొస్తే ఆయనకొచ్చినట్టు కాదూ?"

ఎనిమిది దగ్గర ఆయన చెయ్యి పతకం పిన్ను మీదికి పాకింది. ఆమె తొందరపెట్టలేదు. ఇంకా రెండు వేళ్లున్నాయి.