పదకొండో రూలు

తవిటయ్య ఏ కాగితం మీదా ఊరికే సంతకం పెట్టడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళుగా ఫిట్టరు. ఇన్నేళ్ళలో ఆయన చేతికి వచ్చిన ప్రతి మెమో మీదా సంతకానికి పైన రెండు మాటలు తప్పకుండా ఉంటాయి: అండర్ ప్రొటెస్ట్. అంటే, కాగితం అందింది గాని అందులో రాసింది నేను ఒప్పుకోలేదు అని.

ఇది సరదాకి పట్టిన అలవాటు కాదు. ఆయన కొత్తగా పనిలో చేరిన రోజుల్లో పక్క బెంచీ గోవిందరావు, ఆఫీసరు చిన్న సంతకమే అన్నాడని, ఒక కాగితం చదవకుండా సంతకం పెట్టేశాడు. తప్పంతా తనదేనని అందులో రాసి ఉంది. మూడు నెలలు తిరక్కుండా ఉద్యోగం పోయి, పెళ్ళాం బిడ్డలతో పలాస రైలెక్కాడు. స్టేషను దాకా పెట్టె మోసుకెళ్ళి సాగనంపినవాడు తవిటయ్య. ఆ రోజు నుంచి గ్యాసు బండ రసీదైనా సరే, వేలు పెట్టి చివరి అక్షరం దాకా చదివితే గాని ఆయన కలం మూత తియ్యడు.

ఇంట్లో అదొక నవ్వులాట. మౌనికకి మాత్రం నవ్వు రాదు. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి 'చూశాను, లెక్కల మార్కు నాట్ యాక్సెప్టెడ్' అని రాసి పంపాడు. టీచరు దాన్ని క్లాసులో పైకి చదివింది. ఆ ఏడాదంతా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ వీధుల్లో ఆమె సైకిలు మీద వెళ్తుంటే వెనకనుంచి "ఏయ్ ప్రొటెస్ట్!" అని అరుపులు. ఆ మార్కులు నిజంగానే తప్పు కూడారనీ, తర్వాత టీచరే దిద్దిందనీ ఎవరికీ గుర్తు లేదు. మౌనికకి గుర్తుంది గాని, ఆలస్యంగా గుర్తొస్తుంది. మొదట నవ్వులే వినిపిస్తాయి.

ఇప్పుడామె డిగ్రీ మొదటి సంవత్సరం, ఎకనామిక్స్. కొత్త సెమిస్టరు మొదటి రోజున ఏంజెలా మేడమ్ అందరికీ ఒక కాగితం పంచింది. నెరిసిన జుట్టు, మోకాలు దాటిన గౌను, ఎప్పుడూ తొందరపడని గొంతు. క్లాసులో ఎలా మెలగాలో పద్నాలుగు రూల్సు. కింద రెండు గీతలు, ఒకటి విద్యార్థి సంతకానికి, ఒకటి తల్లి లేదా తండ్రి సంతకానికి.

"ఇద్దరూ చదవాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. ఎల్లుండికల్లా నా టేబుల్ మీద ఉండాలి," అంది మేడమ్ ఇంగ్లీషులో.

తండ్రి సంతకం అన్న మాట వినగానే మౌనిక కాగితాన్ని పుస్తకం కిందికి తోసింది.

ఆ సాయంత్రం తవిటయ్య డ్యూటీ నుంచి వచ్చి, చేతుల గ్రీజు రంపపు పొట్టుతో రుద్ది కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఇదేటమ్మలూ, సార్జిషీటు లాగుంది?"

"రూల్స్ నాన్నా. కింద సంతకం పెట్టీ, సాలు. జెనీ వాళ్ళ డాడీ ఫోన్ సూసుకుంటానే పెట్టీసినాడంట."

"పెట్టీసినోళ్ళు పెట్టీసినారు. గోవిందరావు కూడా పెట్టీసినాడు."

వంటగదిలోంచి తల్లి గంగాభవాని తొంగి చూసింది. "ఓలమ్మో, కాలేజీ కాగితానికి కూడా యూనియన్ మీటింగేటి? ముందు ఆ గుంటని అన్నం తిన్నియ్యండి."

ఆయన వినిపించుకోలేదు. ఇంగ్లీషు మాటలు కూడబలుక్కుంటూ, ఒక్కో రూలుకీ తీర్పు చెప్పుకుంటూ పోయాడు. "క్లాసు మొదలయిన అయిదు నిమిషాలకి తలుపు మూసేత్తారు. ఠీక్ హై, మా గేటూ అంతే. ఫోను సేత రాయించిన జవాబు సెల్లదు. మంచిది. కాపీ కొడితే సున్నా. సబబే." తొమ్మిదో దాని దగ్గర తల గట్టిగా ఊపాడు. "ఒకల బదులు ఇంకొకలు ఏ కాగితం మీదైనా సంతకం ఎడితే మొదటి పరీచ్చకి సున్నా, ఇంటికి ఉత్తరం. ఇది బేషైన రూలు. దొంగ సంతకమంటే మనిషిని దొంగిలించినట్టే."

పదకొండు మీద వేలు ఆగిపోయింది. రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఇదొద్దు. ఇది అన్నేయం. రేపు పొద్దున్న ఇత్తాను, ఆలోసించుకోనీ."

పొద్దున్న ఇచ్చిన కాగితం అడుగున పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో, ఇనుప రేకు మీద ఉలితో చెక్కినట్టు, ఇలా ఉంది: 'అండర్ ప్రొటెస్ట్. రూలు నంబరు పదకొండు నాట్ యాక్సెప్టెడ్. కారణం చెప్పకుండా మార్కు మార్చుట న్యాయం కాదు. దయచేసి జవాబు ఇవ్వగలరు.' కింద సంతకం, సుత్తిలా నిలబడ్డ 'టి' తో.

మౌనిక ఆ రూలేమిటో చదవలేదు. ఆమెకి కనిపించిందల్లా ఆ అక్షరాలే. అవి క్లాసు మధ్యలో నిలబడి ఉన్నట్టూ, వాటి చుట్టూ యాభై ఎనిమిది మంది మూగినట్టూ అనిపించింది.

గోల్‌బజార్ దగ్గర జిరాక్స్ షాపులో క్లాస్‌మేట్ జెనీ మౌనిక కోసం కనిపెట్టుకుని ఉంది. రోజూ అక్కడి నుంచి ఇద్దరూ కలిసే కాలేజీకి పోతారు. జెనీ కాగితం కింది గీతల మీద తెల్ల చీటీ కప్పి, "దాదా, ఏక్ కాపీ," అంది మౌనిక.

"నీదేటయింది?" అని జెనీ అడిగింది.

"టీ ఒలికిపోయింది."

అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. షాపు బల్లకి దారంతో కట్టి ఉన్న పెన్నుతో తన పేరు రాసింది. తర్వాత జెనీ చిల్లర వెతుక్కుంటుండగా తండ్రి పేరు రాసింది. చిన్నప్పటి నుంచీ ఆ 'టి' ని చూస్తూనే ఉంది గనక అచ్చం అలాగే వచ్చింది. అసలు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగు లోపలి జిప్పులో వేసింది. చింపెయ్యాలని అనుకుంది. చింపడానికి మాత్రం చేతులు రాలేదు. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

ఆ సాయంత్రం తవిటయ్య గుమ్మంలో బూట్లు విప్పుతూనే అడిగాడు. "మేడమ్ ఏటన్నాది?"

"ఇంకా ఏటీ అన్లేదు నాన్నా."

"అంటాది. పై ఆఫీసరుని అడగాలేమో. రెండు మూడు దినాలు పడతాది."

మర్నాడూ అదే ప్రశ్న. ఆ మర్నాడూ అంతే. ఆయన గొంతులో అనుమానం లేదు. రాసిన దానికి జవాబు వచ్చి తీరుతుందని ముప్పై నాలుగేళ్ళుగా నమ్మిన మనిషి నిబ్బరం అది. మౌనిక 'ఇంకా లేదు' అన్న ప్రతిసారీ అది నిజమే కదా అని తనకి తాను చెప్పుకునేది. నిజమే. జవాబు రాలేదు. ఇలాంటి నిజాలు మాట్లాడేటప్పుడు నోట్లో చిల్లర పైసా పెట్టుకున్నట్టు ఒక ఇనుప రుచి తగులుతుందని ఆ వారంలోనే ఆమెకి తెలిసింది.

తరువాతి గురువారం ఏంజెలా మేడమ్ కాగితాల కట్ట పట్టుకుని వచ్చింది. ఆ రోజు పాఠం ఒప్పందాల గురించి. ఇద్దరి మధ్య బేరం కుదిరేటప్పుడు ఒకరికి ఎక్కువ తెలిసి ఇంకొకరికి తక్కువ తెలిస్తే ఏమవుతుంది అన్నది ప్రశ్న.

"యాభై ఎనిమిది కాగితాలు, నూట పదహారు సంతకాలు," అంటూ కట్ట టేబుల్ మీద పెట్టింది. "రోహన్, పదకొండో రూలు చదువు."

రోహన్ లేచి చదివాడు. "ఏ విద్యార్థి మార్కునైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మార్చే హక్కు అధ్యాపకురాలికి ఉంది. అడిగే హక్కు విద్యార్థికి లేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"అలాంటి హక్కు నాకు లేదు. ఎవరికీ ఉండదు. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఏడూ ఇలాంటి రూలు ఒకటి కావాలని కలుపుతున్నాను. ఇది అన్యాయం అని ఒక్కరైనా రాస్తారేమోనని చూస్తాను. మీరు రాయకపోతే పోనీ, ఇంట్లో పెద్దవాళ్ళయినా." ఆమె కట్ట అంచుల్ని సర్దింది. "ఒక్కరు చాలు నాకు. ఈ ఏడూ లేరు."

మౌనిక ఒళ్ళో బ్యాగు ఉంది. లోపలి జిప్పు వేళ్ళకి తగులుతోంది.

చెయ్యి ఎత్తితే చాలు. ఆమె చెయ్యి ఎత్తలేదు. తొమ్మిదో రూలుకి భయపడి అని తనకి తాను సర్దిచెప్పుకోబోయింది గాని, ఆ మాట నిలవలేదు. సున్నా గురించి ఆ క్షణాన ఆమె తలచుకోనే లేదు. ఆమె భయపడింది నవ్వుకి. ఈ గదిలో ఎవరూ నవ్వరని తెలుస్తూనే ఉంది. అయినా ఎనిమిదో తరగతి వీధి ఇంకా ఆమె లోపల ఉంది, సైకిలు ఇంకా పోతూనే ఉంది, ఆమె ఇంకా తల వంచుకునే తొక్కుతోంది. ఇన్నాళ్ళూ తండ్రిని చూసి సిగ్గుపడ్డాననుకుంది. కాదని ఇప్పుడు అర్థమైంది. తండ్రిని చూసి నవ్వినవాళ్ళ కళ్ళు తీసుకుని, వాటితోనే ఆయన్ని చూస్తూ వచ్చింది.

అర్థమైంది సరే, చెయ్యి మాత్రం బల్ల కిందే ఉండిపోయింది. బెల్లు కొట్టారు.

శుక్రవారం సాయంత్రం తవిటయ్య ప్రశ్న అడగలేదు. తెల్ల చొక్కా చేతిలో పట్టుకుని భార్య దగ్గర నిలబడ్డాడు.

"ఇస్త్రీ సెయ్యి. సోమవారం ఒక పూట సెలవెట్టినాను."

"ఎక్కడికి, పెళ్ళికా?"

"కాలేజీకి. తొమ్మిది దినాలయ్యింది, జవాబు నేదు. రిమైండర్ రాసినాను, సేతికే ఇత్తాను." కూతురి వైపు తిరిగి నచ్చజెప్పబోయాడు. "గొడవాడను అమ్మలూ, నువ్వేటీ బయపడకు. మరేదగానే అడుగుతాను. ఆడమనిషి, సదువుకున్నాది. సెబితే ఇనుకుంటాది."

శనివారం పొద్దున్న మౌనిక స్టాఫ్ రూమ్‌కి వెళ్ళింది. ధైర్యం వచ్చి వెళ్ళలేదు. ఆయన తెల్ల చొక్కా వేసుకుని ఆ గుమ్మంలో నిలబడతాడన్న భయమే తోసుకెళ్ళింది. ఈ సంగతి ఆమెకి బాగా తెలుసు. నాలుగు మడతల కాగితం టేబుల్ మీద పెట్టింది.

ఏంజెలా మేడమ్ చదివింది. ముఖం విచ్చుకుంది. "ఎవరు?"

"మా నాన్న. వర్క్‌షాపులో ఫిట్టరు."

"మా నాన్న ఇంజన్ డ్రైవరు. ఆయన కూడా ఇలాగే పెద్ద పెద్ద అక్షరాలు రాసేవాడు," అంటూ ఆమె లేచి కట్టలోంచి మౌనిక ముందిచ్చిన కాగితం తీసింది. పక్కపక్కన పెట్టింది. సుత్తి లాంటి 'టి' లు రెండు. చాలాసేపు చూసింది. ముఖంలో విచ్చుకున్నది మెల్లగా ముడుచుకుపోయింది.

"ఇది?"

"నేనే మేడమ్."

"ఎందుకు?"

మౌనిక చెప్పడానికి ప్రయత్నించింది. టీ ఒలికింది అన్నంత సులువుగా ఏ మాటా రాలేదు.

"తొమ్మిదేళ్ళు చూశాను ఈ కాగితం కోసం. దీన్ని క్లాసులో చదివి ఉండేదాన్ని," అంది మేడమ్. కోపంగా అనలేదు. "ఇప్పుడు చదవలేను కదా? చదివితే ఇది ఇన్నాళ్ళూ ఎక్కడుందో కూడా చెప్పాలి." పెన్ను తీసి ఇంటికి ఉత్తరం రాసింది. "పదకొండోది ఉత్తుత్తి రూలు. తొమ్మిదోది నిజం రూలు. ఈ ఉత్తరం మీద మీ నాన్నగారి సంతకం కావాలి. ఆయన చేత్తో పెట్టినది."

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి చొక్కా గోడకి తగిలించి ఉంది, మడత నలగకుండా. మౌనిక ఉత్తరం చేతికిచ్చింది. కవరు మీద తన పేరు చూడగానే ఆయన నిటారుగా కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. వేలు మొదటి మాట మీద పెట్టాడు.

"ఒకటి. శ్రీ తవిటయ్య గారి అభ్యంతరం న్యాయమైనది. రూలు పదకొండు తీసివేయడమైనది. ఆయన శ్రద్ధకి నా కృతజ్ఞతలు." వేలు అక్కడే ఉంచి తల ఎత్తాడు. "ఒసే భవానీ! ఇలా రా! తీసీసినారంట! కృతజ్ఞతలంట నాకు!"

తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సాల్లెండి, ఆ రైల్వేనంతా మీరే నడిపినట్టు." కాని ఆమె ముఖం కూడా వెలిగింది. "కిందేటో ఇంకా ఉంది, సదవండి."

మౌనిక గోడకి ఆనుకుని నిలబడింది. పారిపోవాలనిపించింది గాని, కదులుతున్న ఆ వేలి వెంటే చూస్తూ ఉండిపోయింది.

"రెండు," అన్నాడాయన. తర్వాత పైకి చదవలేదు. వేలు మాత్రం ఒక్కో మాట మీదుగా పోయింది, చివరి దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. మూడోసారి చదివాక ఆగింది.

"ఇందులో రాసింది నిజమేనా అమ్మలూ?"

ఒక్క మాటలో కాదనమని ఆయన బతిమాలుతున్నట్టు అనిపించింది. కాదంటే చాలు, ఉత్తరం మీద ఆ రెండు మాటలూ రాసి, తెల్ల చొక్కా వేసుకుని సోమవారం కాలేజీతో తగువుకి వెళ్తాడు.

"నిజమే నాన్నా."

"ఏటయ్యింది? ఏటంట?" అని తల్లి అడిగింది.

ఆయన జేబులోంచి కలం తీశాడు. మూత తీశాడు. సంతకం గీతకి పైన, అలవాటుగా కలం పెట్టాల్సిన చోట, కాసేపు పట్టుకున్నాడు. తర్వాత దాన్ని కిందికి దించి, గీత మీద తన పేరు రాసి, ఉత్తరం కూతురికి అందించాడు.

మౌనిక చూసింది. 'టి' కాస్త వంకరపోయింది. జిరాక్స్ షాపులో ఆమె పెట్టినదే ఇంతకంటే నిటారుగా ఉంది. సంతకానికి పైన ఏమీ లేదు. తెల్ల కాగితమే ఉంది.