కాలవ కట్టేశాక

దెయ్యాలకి భయపడేవాళ్లకి నాదో సలహా. ఒకసారి స్థలం కొని చూడండి, దెయ్యాలు చుట్టాల్లా కనిపిస్తాయి.

మా ఆయన పెడనలో అద్దకం పనివారు. పాతికేళ్లు ఒకరి షెడ్డులో గుడ్డల మీద అచ్చులు కొట్టాక, ఆ కార్తీకంలో ఆయనకో ఆలోచన వచ్చింది. బందరు దారిలో కాలవ గట్టున ఎనిమిది సెంట్ల స్థలం అమ్మకానికి ఉందట. కొని, రెండు పాకలు వేసి అద్దకం వాళ్లకి అద్దెకిస్తే కూర్చుని తినొచ్చట. వెళ్లి చూశాం. నిండు కాలవ, పక్కనే నుయ్యి, నీళ్లు కొబ్బరినీళ్లలా ఉన్నాయి. రంగు ఉడకబెట్టడానికి మంచినీళ్లే కావాలి, ఉప్పు తగిలితే ఎరుపు చచ్చిపోతుంది. ఇంకేం, నా చంద్రహారం అమ్మి, స్థలం సొంతదారు ఈశ్వరరావు గారికి మూడొందలు బయానా ఇచ్చేశాం. మిగతాది మేముంటున్న ఇల్లు తాకట్టు పెట్టి ఇవ్వాలి. వైశాఖ పౌర్ణమిలోగా రిజిస్ట్రేషను కాకపోతే బయానా పోయినట్టేనని కాగితం కూడా రాసుకున్నాం.

చైత్రం చివర చేపల పోలమ్మ గంప దించి, సంగతి విని, ‘కాలవ కట్టేశాక ఆ నూతినీళ్లు తాగారా అమ్మగారూ?’ అని అడిగింది. నా గుండె గుభేల్మంది. ఎండాకాలం కాలవలు కట్టేస్తే నూతుల్లోకి ఉప్పెక్కుతుందని ఈ చుట్టుపక్కల పసిపిల్లలకీ తెలుసు. మాకూ తెలుసు. ఆశ పుట్టాక తెలివెక్కడుంటుంది?

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. వెళ్లి చూద్దామంటే మా ఆయన రేపంటారు, ఎల్లుండంటారు. ఉప్పని తేలితే మూడొందలు నీళ్లపాలు. తేల్చుకోకుండా సంతకం పెడితే ఇల్లే నీళ్లపాలు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంతలో గుడివాడ నుంచి ఇంకో బేరం వచ్చిందని ఈశ్వరరావు గారు కబురు పెట్టారు. ఇక తప్పక, పౌర్ణమికి ముందు రోజు ఇద్దరం బయల్దేరాం.

కాలవ ఎండిపోయి బీటలిచ్చింది. ఈశ్వరరావు గారు ఎంతో మర్యాదగా తనే నీళ్లు తోడి పోశారు. మా ఆయన దోసిలి పట్టి తాగారు. గొంతు దిగడానికి కాస్త సేపు పట్టింది.

“బాగానే ఉన్నాయండీ” అన్నారు.

ఆయన ముఖం నాకు తెలుసు. చేద లాక్కుని ఓ గుక్క నోట్లో పోసుకున్నాను. సముద్రమే.

“రిజిస్ట్రేషను వద్దండి. బయానా మీరే ఉంచుకోండి” అన్నాను.

ఈశ్వరరావు గారు మా ఆయన వంక చూశారు. ఆడవాళ్ల మాట మీద బేరం వదులుకుంటారా అని నవ్వారు. ఈయన తల ఎత్తలేదు. ఎక్కడ సరే అనేస్తారోనని భయమేసి, నేనే చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చాను.

రోడ్డెక్కాక అడిగాను, ఉప్పునీళ్లు మింగి అంత అబద్ధం ఎలా ఆడారని. ఆయన దారి పక్కన కూలబడిపోయారు.

“పెద్దమనిషి మొహం మీద నేననలేను హైమా. నువ్వంటావనే నిన్ను తీసుకొచ్చాను.”

నేను కూడా నోరు మూసుకుని ఉంటే? ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ నాకు ఒళ్లు చల్లబడుతుంది. ఆ మండుటెండలో ఆయన పక్కనే కూర్చుని వణికిపోయాను.