చర్చి బెంచీల మీద చల్లారిన కాఫీ

బెల్జియంలో మూతబడిన ఓ పాత చర్చి బెంచీలు ఓడెక్కి దోహా వచ్చాయి, వెస్ట్ బేలో కాఫీ షాపు కోసం. వాటికి మెరుగుపెట్టి బిగించింది మా అల్లుడు కృపారావు. రాజోలు వడ్రంగి చెయ్యి, తక్కువది కాదు. కానీ మేనేజరు ముజఫ్ఫర్ అలీ, కరీంనగర్ మనిషి, మెలిక పెట్టాడు.

"జనం కూసొని కాఫీ తాగితేనే నీ కాంట్రాక్టు మల్ల రాపిస్త. లేకుంటే టికెట్ తీస్త, ఇంటికి పో."

షాపు తెరిచే ముందు ఓ సాయంత్రం ట్రయల్ పెట్టారు. కృపారావు దోహాలోని మా తెలుగు ప్రార్థన కూటాన్నంతా బస్సెక్కించి తెచ్చాడు. మావాళ్ళు బెంచీలు చూశారో లేదో, చెప్పులు బయట విడిచేశారు. ఆడవాళ్ళు ముసుగేసుకుని ఓ పక్క, మగవాళ్ళు ఇంకో పక్క కూర్చున్నారు. కాఫీ వచ్చింది. ఒక్క చెయ్యీ లేవలేదు.

"ఏంది కృపారావ్, నీ మంద తాగదా?" అన్నాడు ముజఫ్ఫర్.

"ఆరాధన బెంచీల మీద ఎంగిలేంటండీ?" అన్నాడు సంఘ పెద్ద దానియేలు.

కృపారావు మొహం పాలిపోయింది. మా అమ్మాయి సుసన్న నన్ను గిల్లింది. "నాన్నా, ఏదోటి చెప్పి తాగించు. అబద్ధమైనా పర్లేదు."

ఆమాత్రం అనుమతి చాలు నాకు.

"ఏమయ్యా దానియేలూ, వీటి సంగతి నీకేం తెలుసు? చర్చిలో దండు దిగినప్పుడు గుర్రాల్ని వీటికే కట్టారు. నువ్వు కూర్చున్నచోటే ఓ గుర్రం ఈనింది. తర్వాత బంగాళాదుంపల గోడౌను. తీగలు గంట గూటిదాకా పాకితే నిచ్చెనేసి దుంపలు కోశారు. ఆపైన కసరత్తుశాల. పహిల్వాన్ల గాలి సోకి గోడమీది అపొస్తలులకు కూడా కండలొచ్చాయి!"

దానియేలు కళ్ళు చెమర్చాయి. "అయ్యో, ఇన్ని బాధలు పడ్డాయా! అయితే ప్రార్థన చెయ్యాల్సిందే." అందరూ తలలు వంచారు. కాఫీ పూర్తిగా చల్లారింది.

సుసన్న విసుక్కుని లేచింది. "ఆరాధనయ్యాక మనూళ్ళో టీ ఎక్కడ తాగుతాం? గుమ్మం బయటేగా! వేడిది పోయించుకు రండి."

అంతే, జనమంతా బయటికి దూకారు. నిలబడి, కబుర్లాడుతూ, ఒకటికి రెండు తాగారు. గుంపును చూసి పక్క టవర్లోని ఆఫీసువాళ్ళు కూడా వరసలో చేరారు. లోపల బెంచీలు ఖాళీ.

కృపారావు చేతులు కట్టుకున్నాడు. "కూర్చుని తాగలేదు కదండీ. టికెట్టేనా సార్?"

"టికెటెందుకు? యల్లా, జల్ది బయట నిలబడి తాగెటందుకు పొడుగు బల్ల కొట్టు. కాంట్రాక్టు రేపే రాపిస్త."

"మరి బెంచీలు?"

"ఫొటోలకు! ఆడ కూసొని తాగొద్దని బోర్డు పెట్టు."

గుర్రాల్నీ దుంపల్నీ ఓర్చుకున్న బెంచీలకు కాఫీ షాపులో కాఫీ నిషేధమైంది. ఆ బోర్డు చెక్కే పని కూడా మా అల్లుడికే దక్కింది.