నల్లనేల మీద ఎర్ర కార్డు

అమెరికాలో, వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచి పడమటికి గంటసేపు డ్రైవ్ చేస్తే మా పొలం వస్తుంది. ఎనిమిది తెలుగు కుటుంబాలం కలిసి కొన్నాం. ఎవరి చిన్న ఇల్లు వాళ్లది. నేల, పంట, బావి, ట్రాక్టరు అందరివీ. ఇళ్లు లేచాయి. ఇక అందరం కలిసి వండుకుని తినడానికి ఉమ్మడి ఇల్లొకటి కట్టాలి. ఈ ఊరు నిలబడుతుందని మొదటి రోజు నుంచీ నాకు నమ్మకమే. నా భయమంతా మావాళ్ల మొహమాటం గురించే.

ఇలాంటి ఊళ్లు కట్టిన అనుభవమున్న ఒక అమెరికన్ ఆవిడ మాకు మీటింగులు నడపడం నేర్పింది. ఇంటికి రెండు కార్డులు. ఇష్టమైతే పచ్చది, కాదంటే ఎర్రది. ఒక్క ఎర్ర కార్డు లేచినా పని ఆపి మాట్లాడుకోవాలి. పద్ధతి బంగారం లాంటిదే, మాకే పనికిరాదు. పెద్దవాళ్ల మొహం మీద కాదనడం మాలో ఎవరికీ చేతకాదు. మీటింగులో పచ్చ కార్డెత్తి, తర్వాత కార్ల దగ్గర నిలబడి గంటసేపు సణుక్కుంటాం. మేకలు అలాగే వచ్చాయి. అవి ఎవరికీ అక్కర్లేదు. తెద్దామన్న మా పక్కింటి దివాకర్‌కీ అక్కర్లేదట, పిల్లల మాట తీసెయ్యలేక అన్నాడట. వచ్చిన వారానికే నా కరివేపాకు మొక్కలు నమిలేశాయి.

ఒక శనివారం మీటింగులో లక్ష్మీపతిగారు ఉమ్మడి ఇంటికి చోటు చూపించారు. ఆయన రిటైరైన సివిల్ ఇంజనీరు. కౌంటీ ఆఫీసు చుట్టూ తిరిగి ఈ భూమికి పర్మిషన్లు తెచ్చింది ఆయనే. మ్యాప్ మీద ఆయన వేలు పెట్టింది వాగు పక్కనున్న నా కూరగాయల మడి మీద. మా భూమంతా గట్టి ఎర్రమట్టి. అదొక్కటే నల్లగా, గుల్లగా ఉంటుంది. ఆకులూ పేడా మోసి మోసి దాన్ని అలా చేసింది నేను. అందరి ఇళ్లకీ గోంగూర, చిక్కుడు అక్కడి నుంచే వెళతాయి.

"తూర్పు వాలు, పక్కనే నీళ్లు. వాస్తుకి ఇంతకంటే ఏం కావాలి? కార్డులెత్తండి" అన్నారు.

పచ్చ కార్డులు లేచాయి. ఆయన భార్య జ్ఞానప్రసూనగారూ వాళ్లింటి కార్డు ఎత్తారు. నాకు ఒళ్లు మండింది. ఎర్రది ఎత్తాను.

"ఏమ్మా దమయంతీ, ఏంటి ప్రాబ్లం?"

"అక్కడ కడితే వంటిల్లుంటుందండీ, వండడానికి ఏమీ ఉండదు. లారీలు తిరిగితే ఆ నేల రాయైపోతుంది. మళ్లీ తయారుచేయడం నా వల్ల కాదు."

"మిగతా అందరికీ ఓకేనే కదా?"

ఒక్కో పచ్చ కార్డూ మెల్లగా కిందికి దిగింది. జ్ఞానప్రసూనగారు మాత్రం తమది పక్కన పెట్టి ఎర్రది తీశారు.

"నాకూ వద్దు. నా మోకాళ్లతో ఆ పల్లంలోకి రోజూ దిగలేను. ఇంట్లో చెబుతూనే ఉన్నా."

"మీటింగ్‌లో చెప్పచ్చుగా?"

"మీరు అడిగితే కదా. చెప్పేసి కార్డులెత్తమంటారు."

లక్ష్మీపతిగారు లేచి బయటికి వెళ్లిపోయారు. ఆయన అలిగి తప్పుకుంటే సగం పనులు ఆగిపోతాయి. అయినా ఎత్తిన కార్డు ఎత్తిందే. వెనకాలే వెళ్లాను.

ఆయన మడిలో ఉన్నారు. చోటు గుర్తుకోసం తానే పాతిన మేకుల్ని ఒక్కోటీ పీకుతున్నారు.

"పైన ఎర్రమట్టిలో కడదాం. తూర్పు అక్కడా ఉంటుందిలే" అన్నారు, నా వైపు చూడకుండానే. చేతిలో మేకు పక్కన పడేసి, "నేనేమన్నా అందరూ తలూపుతుంటే నా మాటంటే గౌరవం అనుకున్నా. నాతో ఎవరూ మాట్లాడట్లేదని ఇవాళే తెలిసింది" అన్నారు.

క్షమించమని అడగబుద్ధి కాలేదు. అడిగితే మళ్లీ మొహమాటమే. ఇంకో మేకు కోసం ఆయన నడుం పట్టుకుని వంగారు.

"మీరు వంగకండి. నేను తీస్తా."

"అక్కర్లేదమ్మా, నేనే తీస్తాను."

"కుదరదండీ" అన్నాను.

ఆయన నన్నొకసారి చూసి, నవ్వి, పక్కకి జరిగారు.